మూడో తరగతి పాపతో చార్మినార్ బొమ్మ ఎలా చేయించాలి?

అందరికీ నమస్కారమండి. మేం ఉప్పల్‌లో ఉంటాం. పాప స్కూల్ వాళ్లు ఏ కబురైనా వాట్సాప్ గ్రూపులోనే పెడతారు, అదీ రాత్రి తొమ్మిది దాటాక. నిన్న వచ్చింది: సోమవారానికల్లా మన ఊరి కట్టడం ఒకటి బొమ్మగా చేసి, దాని గురించి రెండు నిమిషాలు మాట్లాడాలట.

పాప చార్మినార్ ఎంచుకుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడని చెప్పాను. వెంటనే "ఎందుకు?" అంది. ప్లేగు తగ్గినందుకని కొందరు, కొత్త నగరానికి గుర్తుగా అని కొందరు అంటారు కదా. ఎనిమిదేళ్ల పిల్లకి ఈ రెండు మాటలూ ఎలా చెప్పాలి?

ఇక బొమ్మ సంగతి. పోయినసారి థర్మోకోల్‌తో అంతా మేమే చేసి పంపాం. ప్రైజ్ కూడా వచ్చింది, తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఈసారి తనే చెయ్యాలి. పాత పేపర్లు గుండ్రంగా చుట్టి నాలుగు మినార్లు నిలబెట్టింది. కమానుల దగ్గరే అట్ట వంగిపోతోంది. మైదా జిగురేమో ఈ ముసురుకి ఆరనే ఆరదు. పిల్లల కత్తెరతో అయ్యే ఉపాయం ఏదైనా ఉందా?

ఆదివారం తీసుకెళ్లి చూపిద్దామనుకుంటున్నాం. రద్దీ మొదలవకముందే చూసి రావాలంటే ఎన్నింటికి బయల్దేరాలో పాతబస్తీ వాళ్లు చెప్పగలరు.