మిడ్‌ఫీల్డర్ చూపు కోచ్ పనిలో ఎంతవరకు అక్కరకు వస్తుంది? షాబి అలోన్సో, పిర్లోల విషయం

ప్రశ్న (విశాఖ ఫుట్‌బాల్ అభిమాని):

షాబి అలోన్సో లివర్‌పూల్‌లో ఆడిన రోజుల నుంచి ఆయన ఆటను ఇష్టంగా చూస్తూ వచ్చాను. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఆయన తన్నిన పెనాల్టీని మిలాన్ గోల్‌కీపర్ డిడా అడ్డుకున్నాడు. వెనక్కి వచ్చిన బంతినే అలోన్సో మళ్ళీ గోల్‌లోకి కొట్టి స్కోరును 3-3 చేసిన క్షణం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. 2017లో ఆయన ఆట నుంచి తప్పుకున్నప్పుడు, ఇంత ఆలోచించి ఆడినవాడు మంచి కోచ్ అయి తీరుతాడని అనుకున్నాను. 2022 అక్టోబరులో, పట్టికలో 17వ స్థానానికి పడిపోయిన జర్మనీ క్లబ్బు బేయర్ లెవర్కూజెన్ కోచ్ బాధ్యత తీసుకొని, అక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన బుందెస్‌లిగాను 2023-24లో ఒక్క ఓటమి కూడా లేకుండా గెలిపించారు. అయితే ఆయనలాగే మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం మధ్య భాగంలో, అంతే నేర్పుతో ఆడిన ఆండ్రియా పిర్లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌లో కోచ్‌గా ఒక్క సీజనుకు మించి నిలవలేదు. ఇద్దరూ ప్రపంచ కప్ గెలిచినవారే, ఇద్దరూ జట్టు ఆటను వెనుక నుంచి నడిపినవారే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

సమాధానం 1 (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు):

తేడా వారు ఎక్కిన మెట్లలో ఉందని నా అభిప్రాయం. పిర్లోను 2020 జూలై 30న యువెంటస్ అండర్-23 జట్టుకు కోచ్‌గా ప్రకటించారు. తొమ్మిది రోజులు గడిచాయో లేదో, అప్పటి కోచ్ మౌరిజియో సారీని తొలగించి ప్రధాన జట్టును ఆయనకే అప్పగించారు. అంటే కోచ్‌గా ఒక్క మ్యాచ్ కూడా నడపకముందే, వరుసగా తొమ్మిది సార్లు లీగ్ గెలిచిన జట్టు ఆయన చేతికి వచ్చింది. ఇటలీ కప్పు గెలిచారు, సూపర్ కప్పు కూడా గెలిచారు. కానీ లీగ్‌లో నాలుగో స్థానం దక్కడంతో పదవి పోయింది. ఆ నాలుగో స్థానాన్ని ఆయన తెలివితక్కువతనానికి ముడిపెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అలోన్సో దారి వేరు. మొదట రియల్ మాడ్రిడ్ అండర్-14 పిల్లలకు శిక్షణ ఇచ్చారు. 2019లో తన సొంత ప్రాంతపు క్లబ్బు రియల్ సోసియెదాద్‌కు వెళ్ళి, అక్కడి రెండో జట్టుతో మూడు సీజన్లు గడిపారు. ఆ జట్టును 2021లో స్పెయిన్ రెండో డివిజన్‌కు చేర్చారు, మరుసటి ఏడాదే అక్కడి నుంచి కిందికి పడిపోవడమూ చూశారు. ఆ ఓటమిని తక్కువగా చూడకూడదు. వారానికి ఒకసారి ఓడుతున్న ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళను సోమవారం ఉదయం మళ్ళీ మైదానంలోకి ఎలా దింపాలో తెలియాలంటే ఆ స్థితిలో కొన్నాళ్ళు ఉండవలసిందే. లెవర్కూజెన్‌లో తొలి మ్యాచ్‌ను షాల్కేపై 4-0తో గెలిచిన వారం రోజులకే ఫ్రాంక్‌ఫర్ట్ చేతిలో 5-1తో ఓడినప్పుడు ఆయన తడబడకపోవడానికి ఆ అనుభవం కూడా ఒక కారణమని అనుకుంటాను.

సమాధానం 2 (జిల్లా స్థాయిలో ఆడి, ఇప్పుడు పిల్లలకు శిక్షణ ఇస్తున్నవాడిని):

పెద్ద క్లబ్బుల సంగతి పై మిత్రుడు చక్కగా చెప్పారు. నేను నా మైదానంలో చూసినది ఒకటి చెబుతాను. నేనూ మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడాను. బంతి కాలికి చేరేలోపే భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూసుకోవడం నాకు ఎవరూ నేర్పినట్టు గుర్తు లేదు, అలవాటుగా వచ్చేసింది. మా జట్టులో పదిహేనేళ్ళ కుర్రాడు ఒకడు ఉన్నాడు. కాలు మంచిదే, కానీ వెనుక నుంచి ఎవరు వస్తున్నారో చూడకుండా బంతి అందుకుని ప్రతిసారీ పోగొట్టుకునేవాడు. నెల రోజులు గట్టు మీద నిలబడి "చూడు, చూడు" అని అరిచాను. వాడు నిజంగానే చూసేవాడు, అయితే బంతినే చూసేవాడు. నాకు కనిపించేది వాడికి ఎందుకు కనిపించడం లేదో అర్థం కాక చాలా బాధపడ్డాను.

చివరికి వాడి వెనుక పది అడుగుల దూరంలో నిలబడి, ఎదుటి నుంచి బంతి వచ్చే ప్రతిసారీ చేతి వేళ్ళు కొన్ని ఎత్తి చూపించడం మొదలుపెట్టాను. ఎన్ని వేళ్ళో చెప్పాకే బంతిని తాకాలన్నది నియమం. రెండు వారాలకు వాడి తల దానంతట అదే తిరగసాగింది. కంటిచూపు ఉండడం ఒక పని, దాన్ని ఇంకొకరి మెడలోకి, కాలిలోకి దించడం మరో పని అని నాకు అప్పుడే తెలిసింది. ఈ రెండో పని పెద్ద జట్టులో, కెమెరాల ముందు కూర్చుని నేర్చుకునేది కాదు.

సమాధానం 3 (బుందెస్‌లిగా క్రమం తప్పక చూసేవాడిని):

మెట్ల వాదన సగమే నిజమని మనవి. మరో మాజీ మిడ్‌ఫీల్డర్ గ్వార్డియోలా బార్సిలోనా రెండో జట్టుతో గడిపింది ఒక్క సీజనే, అయినా గొప్ప కోచ్ అయ్యారు. లివర్‌పూల్‌లో అలోన్సోతో కలిసి ఆడిన స్టీవెన్ జెరార్డ్ ఆ క్లబ్బు కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చి, ఆ తరువాత రేంజర్స్‌తో 2020-21 స్కాట్లండ్ లీగ్‌ను 38 మ్యాచ్‌లలో ఓటమి ఎరుగకుండా గెలిచారు. అయినా ఇంగ్లండ్ క్లబ్బు ఆస్టన్ విల్లాలో ఏడాది తిరగకుండానే ఉద్యోగం పోయింది.

లెవర్కూజెన్‌లో క్లబ్బు చేసిన పనిని మరువకూడదు. క్రీడా వ్యవహారాలు చూసే సీమోన్ రోల్ఫెస్ అదే క్లబ్బుకు పదేళ్ళు మిడ్‌ఫీల్డర్‌గా ఆడినవారు. 2023 వేసవిలో వారు తెచ్చిన ఆటగాళ్ళను చూడండి: ఆర్సెనల్ నుంచి గ్రానిత్ జాకా, బెన్‌ఫికా నుంచి గ్రిమాల్డో. అలోన్సో ఆటగాడిగా చేసిన పనిని మధ్యలో నిలబడి చేయడానికి జాకా వచ్చారు. కోచ్ మనసులోని ఆటకు మైదానంలో ఒక ప్రతినిధి దొరికినట్టయింది. 2024 ఏప్రిల్ 14న వెర్డర్ బ్రెమెన్‌పై 5-0తో గెలిచి టైటిల్ ఖాయం చేసుకొని, లెవర్కూజెన్ ఆటగాడు వీర్ట్స్ మూడు గోల్స్ కొట్టి, జనం మైదానంలోకి దూకిన ఆ సాయంత్రం వెనుక ఈ చేరికలూ ఉన్నాయి. అదే అలోన్సో 2025లో రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళి, 2026 జనవరిలోనే వైదొలగవలసి వచ్చింది. లెవర్కూజెన్ ఆయనకు తొలి టైటిల్ కోసం పద్దెనిమిది నెలలు ఇచ్చింది. మాడ్రిడ్‌లో అందులో సగం కూడా దొరకలేదు.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. జాకా గురించి చెప్పిన మాట నాకు కొత్తగా తోచింది, ఆ సీజను మ్యాచ్‌లను ఈసారి ఆయననే గమనిస్తూ మళ్ళీ చూస్తాను. వేళ్ళు చూపే పద్ధతిని మా అబ్బాయి ఆడే జట్టు కోచ్‌కు చెప్పాలనుకుంటున్నాను. పిల్లవాడు వేళ్ళు లెక్కపెట్టేలోపే బంతి దాటిపోతే మీరు ఏం చేసేవారో వీలున్నప్పుడు రాయగలరా?