సగానికి కోసిన స్టాంపుతో 1919 నాటి ఫారో దీవుల కవరు: ఇది చెల్లిందా?

ప్రశ్న:
నేను డెన్మార్క్ స్టాంపులు సేకరిస్తాను. ఒక వేలం జాబితాలో డెన్మార్క్ ఏలుబడిలోని ఫారో దీవుల ముఖ్యపట్టణం టోర్షావ్న్‌ది, 1919 జనవరి నాటి తపాలా ముద్ర ఉన్న కవరు చూశాను. 5 ఓర్ (డెన్మార్క్ చిల్లర నాణెం) స్టాంపు పక్కన, 4 ఓర్ స్టాంపును ఐమూలగా కోసిన సగం ముక్క అతికించి ఉంది. ఆ సగాన్ని తపాలా కార్యాలయం నిజంగానే అంగీకరించిందా? కొనే ముందు ఏమేమి చూడాలో పెద్దలు తెలుపగలరు.

మొదటి జవాబు:
అంగీకరించిందండీ. 1919 జనవరి 1న స్థానిక ఉత్తరాల రుసుము 5 ఓర్ నుంచి 7 ఓర్‌కు పెరిగింది. పెరిగిన 2 ఓర్‌కు సరిపడే స్టాంపులు దీవుల్లో తగినన్ని లేవు, డెన్మార్క్ నుంచి ఓడలో వచ్చేదాకా ఉత్తరాలను ఆపడమూ కుదరదు. అందుకే 4 ఓర్ స్టాంపు సగాన్ని 2 ఓర్‌గా చెల్లనిచ్చారు, ఆ వెంటనే 5 ఓర్ స్టాంపులపై '2 ఓర్' అని అచ్చొత్తి కూడా వాడారు. కత్తెర అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి విడి ముక్కకు విలువ లేదు. తపాలా ముద్ర కోత అంచును దాటి కవరు కాగితం మీదికి సాగిందా, తేదీ ఆ నెలకు సరిపోతుందా అన్నవే ముఖ్యం. సేకర్తల కోసమే తయారుచేయించుకున్న కవర్లూ ఉన్నాయి కనుక, వ్యాపార ఉత్తరమైతే నేను ఎక్కువ ఇష్టపడతాను.

రెండవ జవాబు:
ఆ దీవుల చరిత్ర 1975 జనవరి 30న వెలువడిన తొలి సొంత స్టాంపులకన్నా ఇటువంటి అత్యవసర స్టాంపుల్లోనే స్పష్టంగా కనిపిస్తుందని నా అభిప్రాయం. 1940 ఏప్రిల్‌లో డెన్మార్క్‌ను జర్మనీ ఆక్రమించగా, కొద్ది రోజులకే బ్రిటిష్ సేన ఫారోలో దిగింది, కోపెన్‌హేగన్‌తో రాకపోకలు తెగిపోయాయి. అప్పుడూ ఉన్న డెన్మార్క్ స్టాంపులపైనే 20, 50, 60 ఓర్ అని కొత్త విలువలు అచ్చొత్తారు. 1948లో స్వపరిపాలన వచ్చినా, తపాలా నిర్వహణ స్థానికుల చేతికి అందింది 1976 ఏప్రిల్ 1న మాత్రమే.

మూడవ జవాబు:
ఇంకొంచెం వెనక్కి వెళ్తే, టోర్షావ్న్‌లో తొలి తపాలా కార్యాలయం 1870 మార్చి 1న తెరిచారు. త్వెరోయ్రిలో 1884లో, క్లాక్స్‌విక్‌లో 1888లో తరువాతివి వచ్చాయి. అంతకుముందు ఉత్తరాలు తెడ్ల పడవల్లోనూ కొండదారుల్లోనూ ఊరి నుంచి ఊరికి చేతులు మారుతూ వెళ్లేవి, ఆ పనికి మనుషులను పిలిచే బాధ్యుడు ప్రతి ఊరిలోనూ ఉండేవాడు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కోత అంచు, కవరు వెనుక భాగం స్పష్టంగా కనిపించే చిత్రాలు పంపమని వేలందారును అడుగుతున్నాను.