సాండ్రింగ్‌హామ్ తోటలకు అమ్మానాన్నను తీసుకెళ్లాలి, కాస్త చెప్పండి

అనంతపురం అబ్బాయి:
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని కింగ్స్‌లిన్‌ ఊరికి వచ్చి రెండు నెలలైంది. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. రాజుగారి సాండ్రింగ్‌హామ్ తోటలు ఇక్కడికి దగ్గరే అంటున్నారు. కారు లేదు, నాన్నకు మోకాళ్ల నొప్పి. ఎలా వెళ్లాలి?

కర్నూలు అన్న:
తమ్ముడూ, తోట ఎక్కడికీ పోదు. ఇంటి డిపాజిట్ ఎక్కడ పెట్టారో కనుక్కున్నావా? నా మొదటి ఇంటి ఓనరు, ఖాళీ చేసే రోజు గోడకు ముక్కు ఆనించి వాసన చూశాడయ్యా! పోపు వాసన పోలేదట, వంటింట్లో పసుపు మరకలట. రెండు రోజులు నేనూ మా ఆవిడా తోమిన గోడ అది. డబ్బు మొత్తం ఆపేశాడు. తీరా చూస్తే డిపాజిట్ డబ్బును కాపాడే స్కీములో అసలు పెట్టనే లేదు. ఇంగ్లండ్‌లో 30 రోజుల్లోపు పెట్టి తీరాలి. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. ఆ రెండు ముక్కలూ రాసి పంపాక వారంలో డబ్బు వెనక్కొచ్చింది. కాగితం జాగ్రత్త.

కడప అక్క:
అన్నా, పిల్లోడు అడిగిందేమిటి, నువ్వు చెప్పేదేమిటి! బాబూ, హన్‌స్టంటన్ ఊరి వైపు వెళ్లే లింక్స్ అనే బస్సు ఎక్కు. అన్ని బస్సులూ అటు పోవు, సాండ్రింగ్‌హామ్ మీదుగా పోతుందా అని డ్రైవర్‌ని అడిగే ఎక్కు. తోటలే 60 ఎకరాలు. నాన్న మొత్తం నడవాల్సిన పని లేదు, చెరువు గట్టున కూర్చోబెట్టు. అమ్మను మాత్రం అక్కడి రాజుగారి ఇంటికి ఉత్తరాన ఉన్న తోట వైపు తీసుకెళ్లు. అక్కడ చైనా నుంచి తెచ్చిన కుబేరుడి విగ్రహం ఉంది. మా అత్తగారు చెప్పులు విడిచి దండం పెట్టుకుంది! కాలపురుషుడి విగ్రహం కూడా ఉంది గానీ ఆయన్ని పట్టించుకోలేదు.

కర్నూలు అన్న:
ఇంట్లోకి వెళ్లకుండా తోట చూసి వస్తే ఏం లాభం? 1977లో జనానికి తెరిచారు.

లండన్ పెద్దాయన:
అది ఇల్లు. తోటలు 1908లోనే ఏడో ఎడ్వర్డ్ రాజు తెరిచాడు. ఇల్లు 1870 నాటి ఎర్ర ఇటుక కట్టడం. పెనుకొండ గగన్ మహల్ చూసిన అనంతపురం మనిషికి అదేం ఆనుతుంది?

కర్నూలు అన్న:
పెద్దాయనా, మీరు వెళ్లి ఎన్నేళ్లయింది? చలికాలంలో ఇల్లు మూసేస్తారు, అందుకే చూసి ఉండరు.

లండన్ పెద్దాయన:
నాలుగుసార్లు చూశాను. ఆ ఎడ్వర్డే వేటకు వెలుతురు చాలడం లేదని ఎస్టేట్ గడియారాలను అరగంట ముందుకు పెట్టించాడు. ఆ అలవాటు 1936 దాకా నడిచింది. ఇది తెలుసా మీకు?

కడప అక్క:
మన పెళ్లిళ్లకూ అలాంటి గడియారం ఒకటుంటే బాగుండు. బాబూ, టికెట్ సంగతి. తోటలకు మాత్రమే వేరే టికెట్ ఉంటుంది, ఇంటితో కలిపి కొనక్కర్లేదు. బయటి పార్కులో, అడవిలో నడవడానికి టికెట్టే వద్దు. పులిహోర డబ్బా అక్కడ విప్పండి.

అనంతపురం అబ్బాయి:
థాంక్స్ అక్కా. ఆదివారం బస్సు టైములు చూస్తాను. అన్నా, మీరన్నారని డిపాజిట్ కాగితం వెతికాను. దొరకలేదు. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

కర్నూలు అన్న:
నంబరు పంపు తమ్ముడూ. ఇప్పుడే ఫోన్ చేస్తా.