సమస్యాపూరణం: కడ్డి యినుపదైన గాలి కూగె

సంచాలకులు (వరంగల్)

ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

కడ్డి యినుపదైన గాలి కూగె

యతి క–గా. మిగతా పాదాల్లో ప్రాసయతి వేసినా చెల్లుతుంది. విషయం: ఇంట్లో కట్టుకునే సీఎన్‌సీ రౌటర్‌కు (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే యంత్రం) లీడ్ స్క్రూ (మోటారు తిరుగుడును ముందువెనకల నడకగా మార్చే మరకడ్డి) ఎంపిక. పూరణలో చెప్పిన దోషం యంత్రంలో నిజంగా వచ్చేదై ఉండాలి, కారణం కూడా పద్యంలో కనపడాలి. అందరూ ఒకే యంత్రాన్ని మనసులో పెట్టుకోండి: టేకు పలక మీద కాకతీయ తోరణం చెక్కే రౌటర్, పొడుగు వైపు స్క్రూ 1 మీటరు, ఆర్డుయినో ఉనో అనే చిన్న బోర్డు మీద మోటార్లను నడిపే గర్బుల్ సాఫ్ట్‌వేరు. ఛందస్సు తప్పినా, లెక్క తప్పినా దిద్దుదాం.

హనుమకొండ సభ్యులు

మీటరంత పొడవు మేటివేగమ్ముతో
సన్న మరను దిప్ప జాడ మారె
చివర పట్టులేక చిందులు వేయుచు
కడ్డి యినుపదైన గాలి కూగె

సంచాలకులు

సమస్యకు సూటిగా తగిలిన పూరణ. గణాలు, యతులు సరిపోయాయి. అన్వయంలోనే చిన్న చిక్కు. మొదటి పాదంలో ‘పొడవు’ దేనికీ అంటకుండా మిగిలింది. ఇట్లా మారిస్తే ‘మర’కు నేరుగా తగులుతుంది:

మీటరంత మరను మేటివేగమ్ముతో
సన్నదాని దిప్ప జాడ మారె

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. ‘చివర పట్టులేక’ అన్న రెండు మాటల్లోనే అసలు కారణం ఉంది. ఎవరైనా దానికి లెక్క కట్టి చూపిస్తే బాగుంటుంది.

కాజీపేట సభ్యులు

లెక్క ఇదిగో. కడ్డి ఊగడం మొదలయ్యే వేగానికి సూత్రం: పట్టు గుణకం × మర అడుగు వ్యాసం × 1,00,00,000, దాన్ని పొడవు వర్గంతో భాగించాలి. కొలతలన్నీ మిల్లీమీటర్లలో, జవాబు నిమిషానికి చుట్లలో. గుణకంలో ఇరవై శాతం భద్రత ముందే కలిసి ఉంది.

చౌకగా దొరికే టీ8 రకం స్క్రూ పైవ్యాసం 8 అయినా మర అడుగున మిగిలే ఉక్కు 5.5 మిల్లీమీటర్లే. లెక్కకు పనికొచ్చేది ఆ 5.5. చాలామంది 8 వేసి మోసపోతారు. మీటరు పొడవుకు:

ఒక కొస బిగించి రెండోది గాలికి వదిలేస్తే గుణకం 3.4, వేగం 187 చుట్లు.
రెండు కొసలూ మామూలు బేరింగుల్లో ఆనితే 9.7, అంటే 533.
ఒక కొస గట్టిగా బిగించి రెండోది బేరింగులో ఆనిస్తే 15.1, అంటే 830.

అదే కడ్డి, అదే మోటారు. రెండో కొసకు ఒక బేరింగు పెట్టినందుకే వేగం నాలుగు రెట్లు దాటింది. నాలుగు మొదళ్ల టీ8 (నాలుగు మరలు పక్కపక్కన చుట్టినది) ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి కొస వదిలేస్తే నిమిషానికి 1,500 మిల్లీమీటర్ల దగ్గరే ఊగుతుంది, పట్టిస్తే 6,600 దాకా పోవచ్చు. పొడవు వర్గంలో ఉంది, అదీ మరవొద్దు: 600 మిల్లీమీటర్ల స్క్రూకు ఇదే పట్టుతో 2,300 చుట్లు వస్తాయి. అందుకే కొనేముందు చూసుకోవాల్సింది మొదట పొడవు, తర్వాత కొసల పట్టు, ఆ తర్వాతే వ్యాసం. ధర చివరిది.

జనగామ సభ్యులు

అన్నా, హార్డువేరు దుకాణంల దొరికే మరకడ్డి మీద నాదొకటి:

చౌక యనుచు దెచ్చి చాలులెమ్మని పెట్టు
నంగడింటి మరకు నాయువెంత
నట్టు తిన్న చుట్టు నలిగి వదులుకాగ
కడ్డి యినుపదైన గాలి కూగె

సంచాలకులు

‘చౌ–చా’ యతి బాగా కుదిరింది తమ్మీ. రెండో పాదం సహజంగా వచ్చింది. మూడో పాదంలో మాత్రం కర్త, కర్మ తారుమారయ్యాయి. ఇత్తడి నట్టు ఉక్కు కడ్డిని తినదు, కడ్డే నట్టును తింటుంది. యతి చెడకుండా:

కడ్డి తిన్న నట్టు కరిగి వదులుకాగ

‘కడ్డి’ రెండుసార్లు వస్తుంది, నిజమే. అర్థం తప్పడం కన్నా పునరుక్తి మేలు.

కాజీపేట సభ్యులు

ఆ కడ్డితో అరుగుదల ఒక్కటే కాదు. ఎం8 మరకడ్డి చుట్టుకు నడిచేది 1.25 మిల్లీమీటర్లు. చుట్టుకు 200 మెట్లు వేసే మోటారును ఒక్కో మెట్టు 16 ముక్కలు చేసి నడిపిస్తే చుట్టుకు 3,200, మిల్లీమీటరుకు 2,560 మెట్లు. ఉనో మీద గర్బుల్ సెకనుకు సుమారు 30,000 మెట్లే ఇవ్వగలదు. భాగిస్తే నిమిషానికి 700 మిల్లీమీటర్లు, అంతకు మించి పోదు. టేకులో 6 మిల్లీమీటర్ల కట్టర్‌ను అంత నెమ్మదిగా నడిపిస్తే చెక్క తెగే బదులు రాపిడికి మాడి నల్లబడుతుంది. నాలుగు మొదళ్ల టీ8కి మిల్లీమీటరుకు 400 మెట్లే కాబట్టి అదే బోర్డు 4,500 దాకా ఇస్తుంది.

ఇంకొకటి, ఆ కడ్డి మర 60 డిగ్రీల కోణంతో బిగింపు కోసం చేసింది. నట్టును పట్టి నిలిపేందుకే పుట్టింది, నడిపేందుకు కాదు. టీ8 లాంటి ట్రెపిజాయిడ్ మర కోణం 30 డిగ్రీలు, అందుకే రాపిడి తక్కువ.

కాజీపేట సభ్యులు

నా పూరణ. ఇందులో ‘గాలి’కి సందు అని అర్థం:

నట్టులోన సందు నలుసంత యున్నను
దిశను మార్చ గత్తి తీరు మారె
పళ్ళ నడుమ నున్న పలుచని పొరలోన
కడ్డి యినుపదైన గాలి కూగె

హనుమకొండ సభ్యులు

‘గాలి చొరని సందు’ అని మనం అననే అంటాం కాబట్టి ఈ అర్థం బలవంతంగా లేదు. అందరూ ఊపును చూస్తుంటే మీరు పంటి సందులోకి వెళ్లి చూశారు, అది నచ్చింది. ‘మార్చ గత్తి’ దగ్గర సరళాదేశం కూడా మరిచిపోలేదు. ‘తీరు మారె’ అన్నది మాత్రం పలచగా ఉంది. ఏం మారిందో కంటికి కనపడాలి.

కాజీపేట సభ్యులు

ఒప్పుకుంటాను, పాదంలో చోటు చాలలేదు. వచనంలో చెప్తాను. తోరణం మీది హంస కన్ను 10 మిల్లీమీటర్ల గుండ్రం అనుకోండి. కత్తి గుండ్రంగా తిరిగేటప్పుడు నాలుగు చోట్ల ఏదో ఒక ఇరుసు దిశ మారుతుంది: పైన, కింద, ఎడమ, కుడి. అక్కడ మోటారు తిరుగుతుంది గాని నట్టు సందు దాటేదాకా బల్ల కదలదు. గుండ్రానికి ఆ నాలుగు చోట్లా గోటితో నొక్కినట్టు చిన్న చదును పడుతుంది. వేలు పెట్టి నిమిరితే తెలుస్తుంది. ఆ నాలుగు గుర్తులు కనిపిస్తే ముందు నట్టునే అనుమానించాలి.

కొలవడానికి: అయస్కాంతపు స్టాండు మీద డయల్ గేజి పెట్టి ఇరుసును 5 మిల్లీమీటర్లు ఒకే దిక్కుకు నడపండి, సందు అంతా ఒక పక్కకు చేరుతుంది. గేజి సున్నా చేయండి. ఇప్పుడు 1 మిల్లీమీటరు వెనక్కి రప్పించండి. గేజి 0.85 చూపిస్తే సందు 0.15. కొసల దగ్గర, నడుమ, మూడు చోట్ల కొలవాలి. నడుమ ఎక్కువగా, కొసల్లో తక్కువగా ఉంటే ఆ భాగంలోనే మర అరిగింది. మూడు చోట్లా ఒకటే ఉంటే నట్టో, బేరింగు బిగింపో చూడాలి. స్క్రూ కొసను చేత్తో ముందుకూ వెనక్కూ నెట్టి చూడండి. కొస కదిలితే దోషం బేరింగుదే, నట్టు మార్చి లాభం లేదు.

గర్బుల్‌లో సందును లెక్కతో సవరించే వీలు లేదు. మాక్3, లినక్స్‌సీఎన్‌సీ వంటి వేరే సాఫ్ట్‌వేర్లలో ఉంది, కాని అది బొమ్మ ఆకారాన్ని దిద్దుతుందే తప్ప కట్టర్ బల్లను లాగితే ఆపలేదు. స్ప్రింగు ఉన్న జోడు నట్టు వేస్తే సందు పోతుంది, స్ప్రింగు బలం కోత బలానికి మించినంత వరకే. కొయ్య గట్టిదై కోత లోతైతే స్ప్రింగు నలిగి ఒక దిక్కున మళ్లీ సందు వస్తుంది. డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్కు) నట్లు రెండు ఎదురెదురుగా మరమేకుతో బిగిస్తే స్ప్రింగు బాధ ఉండదు, కొంచెం రాపిడి పెరుగుతుంది.

కరీంనగర్ సభ్యులు

లావుదైన మరకు మేలేమి యందురా
కొసల రెంట బట్టు కుదిరెనేని
నిక్క మదియె నిలుచు, నీల్గెడి సన్నని
కడ్డి యినుపదైన గాలి కూగె

16 మిల్లీమీటర్ల బాల్ స్క్రూ (నట్టు గోళీల మీద దొర్లే రకం) వేసుకుంటే ఈ చర్చే ఉండదని నా మాట.

సంచాలకులు

సార్, మొదటి పాదంలో యతి తప్పింది. లా–మే కుదరవు. ‘లాభమేమందురా’ అంటే రెండు ర గణాలతో యతి నిలుస్తుంది, అర్థమూ మారదు. ‘నీల్గెడి సన్నని కడ్డి’ మాత్రం చాలా అందంగా ఉంది, సమస్యలోని కడ్డిని ఒక విశేషణంతో మీదిగా చేసుకున్నారు. ‘కుదిరెనేని’ అని షరతు పెట్టడం కూడా మంచిపని.

కాజీపేట సభ్యులు

పద్యంలోని షరతును వచనంలో వదిలేశారు సార్. 1605, అంటే మీరన్న 16 మిల్లీమీటర్ల బాల్ స్క్రూకు మర అడుగు వ్యాసం సుమారు 13. ఒక కొస బిగింపు, ఒక కొస ఆనికతో మీటరుకు 1,960 చుట్లు, చుట్టుకు 5 మిల్లీమీటర్లు కాబట్టి 9,800 దాకా ఊగదు. మోటారు అంతకు ముందే బలం కోల్పోతుంది. ఊపు సంగతి అక్కడికి తీరింది, ఒప్పుకుంటాను. మిగతావి తీరలేదు:

బీకే12 (మోటారు వైపు బిగింపు), బీఎఫ్12 (రెండో కొస ఆనిక) బేరింగు దిమ్మెలకు కొసలు లేతు మీద చెక్కించాలి. బీకే వైపు 12 మిల్లీమీటర్ల మెడ, దానికి 1 మిల్లీమీటరు పిచ్‌తో ఎం12 మర, మోటారును కలిపే కప్లింగుకు 10. బీఎఫ్ వైపు 10. స్క్రూ పైపొర గట్టిపరచింది కాబట్టి మామూలు టూలు జారిపోతుంది, కార్బైడ్ ఇన్సర్టు కావాలి. వీలైతే కొసలు చెక్కినదే తెప్పించుకోండి.

నట్టును కడ్డి నుంచి ఒట్టిగా ఊడదీయొద్దు. గోళీలు రాలిపోతాయి. అడుగు వ్యాసానికి సరిపోయే గొట్టాన్ని కొసకు ఆనించి నట్టును దాని మీదికి జరపాలి.

స్క్రూ ఖచ్చితత్వంలో సీ7 తరగతి అంటే 300 మిల్లీమీటర్లకు 0.05 తేడా ఉండొచ్చు. తోరణానికి చాలు.

దుమ్ము సంగతి మరీ ముఖ్యం. చెక్క పొట్టు పిండిలా ఉంటుంది. గ్రీజుతో కలిస్తే నూరుడు ముద్ద అవుతుంది. నట్టు రెండు మూతుల దగ్గర తుడుపు ముక్కలు ఉండాలి, స్క్రూ బల్ల కింద గాని పక్కన గాని ఉండాలి. డెల్రిన్ నట్టుకైతే గ్రీజు వద్దే వద్దు, పొడి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) కందెన చాలు.

గోదావరిఖని సభ్యులు

మా దిక్కు ఎండ మీద ఒకటి:

రెండు కొసలు గట్టి రెక్కలు విరిచిన
నెండ వేళ సాగి యెటకు బోవు
నడుము వంచి వంచి నాట్యమ్ము సలుపుచు
కడ్డి యినుపదైన గాలి కూగె

సంచాలకులు

ఈ వారం నాకు అన్నిటికన్నా నచ్చినది. ‘సాగి యెటకు బోవు’ అన్న ప్రశ్నలో కడ్డి మీద జాలి ఉంది, లెక్కా ఉంది. ఒక్క అక్షరం మార్చను.

హనుమకొండ సభ్యులు

లెక్క నేను వేస్తాను. ఉక్కు మీటరుకు ఒక డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. మే నెల పొద్దున 28 డిగ్రీలు, మధ్యాహ్నం రేకుల షెడ్డులో 43 అయితే 15 డిగ్రీల తేడా, 0.18 మిల్లీమీటర్లు. రెండు కొసలూ బిగించేస్తే, చట్రం కూడా అంతే సాగకపోతే, ఆ తేడాకు చోటు లేక సన్న కడ్డి విల్లులా వంగుతుంది. వంగిన కడ్డి లెక్కలో చెప్పిన వేగం రాకముందే ఊగుతుంది. అందుకే బీఎఫ్ దిమ్మెలో బేరింగు కడ్డి వెంట జరగగలిగేలా వదులుతారు. దాన్ని కూడా బిగించేస్తే లాభమనుకోవడం పొరపాటు.

మంచిర్యాల సభ్యులు

మోటరేమొ చూడ మూలకు, మరయేమొ
దిక్కు మార నడుమ దిగులుతోడ
కప్ల రెంత వంగు? కంపించి కంపించి
కడ్డి యినుపదైన గాలి కూగె

సంచాలకులు

‘దిగులుతోడ కప్లరెంత వంగు’, బాగుంది. బిగించే వరస కూడా రాయండి.

మంచిర్యాల సభ్యులు

నట్టు మరమేకులు వదులుగా ఉంచాలె. గ్యాంట్రీని (రౌటర్‌ను మోసే అడ్డ చట్రాన్ని) బీకే దగ్గరికి తెచ్చి ఆ దిమ్మె బిగించాలె. తర్వాత బీఎఫ్ దగ్గరికి జరిపి దాన్ని బిగించాలె. నట్టు మరమేకులు ఆఖరుకు. ఇప్పుడు స్క్రూను చేత్తో తిప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే బరువు తెలవాలె. ఒక చోట బిగుసుకుంటే ఆ దిమ్మె కింద రేకు ముక్క పెట్టాలె. అంతా కుదిరినంక మోటారు పెట్టాలె. చుట్టలు కోసిన అల్యూమినియం కప్లింగు స్ప్రింగులెక్క సాగుతది, లాగుడు దాని మీద పడొద్దు, బీకే బేరింగే మొయ్యాలె.

జనగామ సభ్యులు

అన్నా, నిలువు ఇరుసుకు కూడా నాలుగు మొదళ్ల టీ8 పెడితే? కరెంటు పోతే రౌటర్ కిందికి జారి టేకు పలకలకు దిగుతది కదా?

కాజీపేట సభ్యులు

దిగుతుంది. నాలుగు మొదళ్ల మర వాలు సుమారు 20 డిగ్రీలు, ఉక్కు–ఇత్తడి రాపిడి కోణం 10 లోపు. వాలు ఎక్కువైతే బరువే స్క్రూను తిప్పేస్తుంది. బాల్ స్క్రూ అయితే ఇంకా సులువుగా జారుతుంది, దానికి బ్రేకు గాని ఎదురు స్ప్రింగు గాని కావాలి. ఒక మొదలు టీ8 వాలు 5 డిగ్రీలే, తనంతట తాను నిలుస్తుంది. 600 చుట్లకు నిమిషానికి 1,200 మిల్లీమీటర్లు వస్తుంది, నిలువుకు అది చాలు.

సంచాలకులు

జనగామ తమ్ముని ప్రశ్నే వచ్చే వారం సమస్య. ఆటవెలది నాలుగో పాదం, ప్రాసయతి:

ఆగియున్న మరయె సాగి దిగెను