శాలిహుండం దగ్గర చూసింది మోనార్కేనా?

శాలిహుండం కొండ దిగుతుంటే జిల్లేడు పొదల దగ్గర నారింజ రంగు సీతాకోకచిలుక కనిపించింది. రెక్కల అంచులు నలుపు, వాటిలో తెల్ల చుక్కలు. ఫోన్ యాప్ మోనార్క్ అంటోంది. మన శ్రీకాకుళంలో ఉంటాయా అండీ?

జవాబు 1:
లేవండీ. మోనార్క్ సొంత చోటు అమెరికా ఖండాలు, చలికాలానికి లక్షల్లో మెక్సికో కొండ అడవులకు వెళ్ళేది అదే. మీకు కనిపించింది దాని దగ్గర చుట్టం ప్లెయిన్ టైగర్ అయ్యుంటుంది, దాని గొంగళి జిల్లేడు ఆకు తినే పెరుగుతుంది. రెక్కల మీద ఈనెలు నల్ల గీతల్లా ఉన్నాయా? ఉంటే స్ట్రైప్డ్ టైగర్. యాప్‌లు తడబడేది ఎక్కువగా దీని దగ్గరే, కానీ దీనికి ముందు రెక్క కొస వైపు వెడల్పాటి తెల్ల పట్టీ ఉంటుంది, మోనార్క్‌కి అలా ఉండదు.

అడిగినవారు:
గీతల్లేవు, సాదా నారింజే.

జవాబు 2:
అయితే వెనక రెక్క మధ్యలో నల్ల మచ్చలు లెక్కపెట్టండి. మూడుంటే ప్లెయిన్ టైగర్ ఆడది, నాలుగుంటే మగది. ఒక్కటే ఉంటే అది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది, మహా మాయలాడి! జిల్లేడు విషం ఒంట్లో ఉంటుందని పిట్టలు టైగర్ జోలికి పోవు కదా, ఇది ఏ విషమూ లేకుండానే ఆ వేషంతో బతికేస్తుంది.

అడిగినవారు:
ఫోటో పెద్దది చేసి చూశా, నాలుగున్నాయి. థాంక్సండీ.

జవాబు 1:
మళ్ళీ వెళ్తే జిల్లేడు ఆకుల కింద కూడా చూడండి, నలుపు తెలుపు పసుపు చారల గొంగళి దొరకొచ్చు. ఆకు తుంచకండి, పాలు కంట్లో పడితే కష్టం.