మినియేచర్‌ను ‘లఘుచిత్రం’ అనవచ్చా?

ప్రశ్న: మొఘల్ చిత్రాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. మినియేచర్‌కు ‘లఘుచిత్రం’ అని రాస్తే, చదివిన మిత్రుడు ‘అక్బరు కాలంలో షార్ట్ ఫిల్ములా?’ అన్నాడు. ‘సూక్ష్మచిత్రం’ అనమంటారా?

జవాబు: మీ మిత్రుడన్నది న్యాయమే. లఘుచిత్రాన్ని సినిమావాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారు, ఇక తిరిగి ఇవ్వరు. సూక్ష్మచిత్రంతో నా పేచీ వేరు. మినియేచర్‌లో చిన్నదనం మొదట లేనే లేదు. లాటిన్‌లో ‘మినియమ్’ అంటే సిందూరం, మన ఆంజనేయుడి విగ్రహాలకు పూసేదే. రాతప్రతుల్లో ఆ ఎరుపు దిద్దడం ‘మినియారే’. పుస్తకాల్లో బొమ్మలు చిన్నవి కావడంతో ఆ అర్థం తర్వాత వచ్చి అతుక్కుంది. అక్బరు బొమ్మలు వేయించిన హంజానామా అనే వీరగాథల గ్రంథం చూడండి: నూలుబట్ట మీద రెండడుగులకు పైగా ఎత్తున్న బొమ్మలు, సుమారు 1400, దాదాపు 15 ఏళ్ల పని. వాటిని సూక్ష్మచిత్రాలు అనడానికి నోరు రావద్దూ! నా ఓటు ‘గ్రంథచిత్రా’నికి.

మరొకరు: సూక్ష్మం అంటే చిన్నదనే ఎందుకనుకోవాలి? సూక్ష్మబుద్ధి అన్నప్పుడు ఎవరూ కొలత చూడరు కదండీ. ఉడుత వెంట్రుకల కుంచెతో కనురెప్పల్ని విడివిడిగా గీసే పనికి అంతకన్నా మంచి మాట ఏముంది? ముఖం ఒకరు, అందులో కన్నూ కనుబొమా మరొకరు వేసినా ఎవరిది ఏదో చెప్పగలనని జహంగీరు రాసుకున్నాడు. అన్నట్టు, సంగీత రాగాలను బొమ్మల్లో చూపే రాగమాల చిత్రాలు చాలావరకు విడి పుటలు. అవి ఏ గ్రంథానివి?

జవాబు: రాగమాలకు మీ మాటే వాడుకోండి, అడ్డు చెప్పను. వ్యాసం అక్బరు చరిత్ర చెప్పే అక్బర్‌నామా వంటి పుస్తకాల గురించైతే మాత్రం గ్రంథచిత్రమే నయం. అసలు చిక్కు అనువాదకుడికి ముందుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అక్బర్‌నామా బొమ్మల కింద ‘తర్హ్’ ఫలానావారిది, ‘అమల్’ ఫలానావారిది అని రాసి ఉంటుంది. కూర్పు గీసింది ఒకరు, రంగులు వేసింది ఇంకొకరు. ఆ రెండు మాటలూ మన దగ్గర ‘తరహా’, ‘అమలు’ అయి కూర్చున్నాయి. అలాగే దించితే ప్రభుత్వ ఉత్తర్వులా ఉంటుంది. ‘రూపకల్పన’, ‘రంగుల పని’ అని రాయండి.