లోకల్ అపాచీకి పీహెచ్‌పీ: మాడ్యూల్‌గా లోపలే పెట్టాలా, ఎఫ్‌పీఎమ్‌గా బయట నడపాలా?

కొత్తఫోల్డర్:
అందరికీ నమస్తే. నా లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 మీద అపాచీ 2.4 వెబ్ సర్వర్ పెట్టుకున్నా, మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు లోకల్‌హోస్ట్‌లో బానే వస్తున్నాయి. ఇప్పుడు పీహెచ్‌పీ భాష మొదలుపెడదామని ఇండెక్స్.పీహెచ్‌పీ రాసి తెరిస్తే పేజీకి బదులు నేను రాసిన కోడే బ్రౌజర్లో కనబడుతోంది. వెతికితే ఒకరేమో మాడ్‌పీహెచ్‌పీ (అపాచీ లోపలే మాడ్యూల్‌గా నడిచే పీహెచ్‌పీ) వేసుకో, రెండు నిమిషాల పని అంటున్నారు, ఇంకొకరేమో అది పాత పద్ధతి, ఎఫ్‌పీఎమ్ (అపాచీ బయట వేరే సర్వీస్‌గా నడిచే పీహెచ్‌పీ) తప్ప వేరేది ముట్టుకోవద్దు అంటున్నారు. నేర్చుకునేవాడికి ఏది మంచిదో కాస్త చెప్పండి, కారణం కూడా చెప్తే ఇంకా సంతోషం.

సెమీకోలన్:
కోడ్ కనబడుతోందంటే అపాచీకి ఆ ఫైలుని ఎవరి చేతికివ్వాలో తెలీక టెక్స్ట్ లాగా పంపేసిందన్నమాట. దీన్ని చిన్న విషయం అనుకోకండి, 2007లో ఫేస్‌బుక్‌కే ఇలా జరిగింది, ఒక సర్వర్ సెటప్ తేడా కొట్టి వాళ్ళ మొదటి పేజీ కోడ్ కొంత బయటి జనానికి కనబడింది. మీది లోకలే కాబట్టి భయం లేదు.
ఇక మీ ప్రశ్న. మాడ్‌పీహెచ్‌పీ వేసుకోండి, అయిపోతుంది. ఉబుంటులో ప్యాకేజీలు వేసే ఆప్ట్‌లో ఉత్త పీహెచ్‌పీ అని అడిగినా అది ముందు తెచ్చేది అపాచీ మాడ్యూలే, మాడ్యూల్‌ని ఎక్కించే లోడ్‌మాడ్యూల్ లైనూ, పీహెచ్‌పీ ఫైళ్ళు దానికివ్వమనే హ్యాండ్లర్ లైనూ అదే రాసేసి పెడుతుంది. అపాచీ రీస్టార్ట్ చేసి చూడండి. నేర్చుకునే రోజుల్లో ఎఫ్‌పీఎమ్ సాకెట్లు (అపాచీతో మాట్లాడే దారులు), పూల్స్ (దాని ప్రాసెస్‌ల గుంపులు) ఎందుకండీ, ముందు కోడ్ రాయనివ్వండి మనిషిని.

పూల్‌మేనేజర్:
ఇదిగో ఈ "ముందు ఏదో ఒకటి వేసేయ్" సలహాతోనే తర్వాత కష్టాలన్నీ. ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతూ వెనకాల ఇంకో పని చేస్తుంది, అది సెమీకోలన్ గారు చెప్పలేదు. అపాచీ 2.4లో మామూలుగా ఉండేది ఈవెంట్ ఎంపీఎమ్ (ఎంపీఎమ్ అంటే అపాచీ రిక్వెస్టులు పంచుకునే పద్ధతి), థ్రెడ్లతో నడుస్తుంది. లైనక్స్ ప్యాకేజీల్లో వచ్చే మాడ్‌పీహెచ్‌పీ థ్రెడ్‌సేఫ్‌గా (ఒకేసారి చాలా థ్రెడ్లు వాడినా తేడా రాకుండా) కట్టింది కాదు, అందుకని ఈవెంట్‌ని ఆపేసి ప్రీఫోర్క్‌కి మార్చేస్తుంది. ప్రీఫోర్క్ అంటే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్, ప్రతి ప్రాసెస్ కడుపులోనూ పీహెచ్‌పీ మొత్తం కూర్చునే ఉంటుంది, ఒక బొమ్మ ఫైలు ఇవ్వడానికైనా సరే. పైగా అపాచీ 2.4.27 నుంచి ప్రీఫోర్క్ మీద హెచ్‌టీటీపీ/2 నడవదు. అంటే పీహెచ్‌పీ కలపబోయి వెబ్ సర్వర్ నడిచే తీరునే మార్చేశారు, అదీ మీకు తెలియకుండా.
ఎఫ్‌పీఎమ్ అయితే పీహెచ్‌పీ దాని ప్రాసెస్‌లో అది ఉంటుంది, అపాచీ దాని ప్రాసెస్‌లో అది ఉంటుంది, మధ్యలో అవి మాట్లాడుకునే పద్ధతి ఫాస్ట్‌సీజీఐ. ఇది నిన్నా మొన్నా వచ్చిందీ కాదు, 2010లో 5.3.3 వెర్షన్ నుంచి పీహెచ్‌పీలోనే ఉంది.

సెమీకోలన్:
లోకల్‌హోస్ట్‌కి వచ్చే ట్రాఫిక్ ఎంత గురూ? ఆయన ఒక్కడు, ఆయన బ్రౌజర్ ఒకటి. ఒక్కో ప్రాసెస్‌కి మెమరీ ఎంత అనే లెక్క వేలమంది వచ్చే సర్వర్ దగ్గర వేసుకోండి. డాకర్‌లో పీహెచ్‌పీకి ఉన్న అధికారిక ఇమేజ్‌ల్లో (ముందే సెటప్ చేసి ఇచ్చే ప్యాకేజీల్లో) అపాచీ అని ఉండే రకం కూడా మాడ్‌పీహెచ్‌పీయే, మరి అవి తయారుచేసేవాళ్ళు కూడా పాతకాలం వాళ్ళేనా?

పూల్‌మేనేజర్:
మెమరీ పక్కన పెట్టేద్దాం, ఒప్పుకుంటా, లోకల్లో అది వాదన కాదు. ఫైల్ పర్మిషన్లు చూడండి. మాడ్‌పీహెచ్‌పీలో మీ స్క్రిప్ట్ అపాచీ యూజర్‌గా, అంటే ఉబుంటులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరు మీద నడుస్తుంది. మీ స్క్రిప్ట్ క్యాష్ ఫోల్డర్లో ఒక ఫైలు రాసిందనుకోండి, అది మీ పేరు మీద ఉండదు. తర్వాత మీరు టెర్మినల్ నుంచి అదే క్యాష్ తీసేద్దామంటే పర్మిషన్ లేదంటుంది. అప్పుడు ఏం చేస్తారు? అందరూ చేసేదే, ఫోల్డర్ మొత్తానికి 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అనే పర్మిషన్) కొట్టేస్తారు. ఆ 777 అలవాటు అక్కడితో ఆగదు, రేపు అసలు సర్వర్ దాకా వెంట వస్తుంది. ఎఫ్‌పీఎమ్‌లో పూల్ ఫైల్లో యూజర్, గ్రూప్ అని రెండు లైన్లుంటాయి, అక్కడ మీ సొంత యూజర్ పేరు పెట్టండి, ఈ గొడవే ఉండదు.
ఇంకోటి, మాడ్యూల్‌గా అయితే ఒక అపాచీకి ఒక్క పీహెచ్‌పీ వెర్షనే. ఎఫ్‌పీఎమ్‌లో 7.4 ఒక సాకెట్ మీద, 8.3 ఇంకో సాకెట్ మీద పెట్టుకుని ఏ వర్చువల్ హోస్ట్ (ఒకే అపాచీ మీద నడిచే ఒక్కో సైటు) ఎక్కడికి పోవాలో రాసుకోవచ్చు. పాత ప్రాజెక్ట్ ఒక్కటి చేతికొచ్చిన రోజున దీని విలువ తెలుస్తుంది.

కొత్తఫోల్డర్:
పర్మిషన్ సంగతి నాకు పనికొచ్చేదే, థాంక్స్ అన్నా. కానీ ఒక్క డౌట్, అసలు అపాచీ లేకుండా పీహెచ్‌పీలోనే సర్వర్ ఉందంటున్నారు కదా, అది చాలదా?

టెర్మినల్‌పిచ్చి:
చాలు. నేను అదే చెప్దామని వచ్చా. పీహెచ్‌పీ, హైఫన్ పెద్ద ఎస్, లోకల్‌హోస్ట్ కోలన్ 8000, అంతే. 2012లో 5.4తో వచ్చింది. చిన్న చిన్న పేజీలు రాసి నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి, ఈ ఇద్దరూ ఊరికే యుద్ధం చేసుకుంటున్నారు.

లాగ్‌చదివేవాడు:
చాలు అనేముందు రెండు మాటలు. దానికి హెచ్‌టీయాక్సెస్ అంటే ఏంటో తెలీదు, అది ఒక్కో ఫోల్డర్‌కి పెట్టుకునే అపాచీ సెట్టింగుల ఫైలు. అడ్రస్‌లు మార్చే రీరైట్ రూల్స్ ఉన్న ప్రాజెక్ట్ తెస్తే, ఏ అడ్రస్‌కి ఏ ఫైలో చెప్పే రౌటర్ స్క్రిప్ట్ మీరే రాసుకోవాలి. రెండోది, మామూలుగా అది ఒక్క ప్రాసెస్, ఒకసారికి ఒకే రిక్వెస్ట్. మీ పేజీ లోపల్నుంచి మీ సొంత ఏపీఐని హెచ్‌టీటీపీలో పిలిచారనుకోండి, మొదటి రిక్వెస్ట్ రెండోదాని జవాబు కోసం చూస్తుంటుంది, రెండోది మొదటిది ఎప్పుడు అయిపోతుందా అని లైన్లో నిలబడి ఉంటుంది, పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు. 7.4 నుంచి వర్కర్ల సంఖ్య ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టుకునే వీలుంది గానీ విండోస్‌లో అదీ లేదు. ఒక ఫంక్షన్ పరీక్షించుకోవడానికి సూపర్, నేనూ వాడతా. కానీ ఆయన అడిగింది అపాచీకి ఎలా కలపాలని.

ఇక అసలు గొడవ మీద నా మాట. పూల్‌మేనేజర్ చెప్పినవన్నీ నిజమే కానీ ఎఫ్‌పీఎమ్ ఏ బాధా పెట్టదన్నట్టు మాట్లాడుతున్నారు, అది మాత్రం కరెక్ట్ కాదు. లోకల్లో మనం ఎక్కువగా చేసేది డీబగ్గింగ్, సరిగ్గా అక్కడే ఎఫ్‌పీఎమ్ కొంచెం విసిగిస్తుంది. బ్రేక్‌పాయింట్ (కోడ్ ఆగాల్సిన చోటు) పెట్టి ఆపి వేరియబుల్స్ చూస్తూ కూర్చుంటే అపాచీ వైపు టైమౌట్ అయిపోయి బ్రౌజర్లో 504 (జవాబు సమయానికి రాలేదనే ఎర్రర్) పడుతుంది. అపాచీ సొంత డిఫాల్ట్ 60 సెకన్లు, ఉబుంటు లాంటివి 300 పెట్టి ఇస్తాయి. మాడ్యూల్‌లో ఈ బాధ లేదు, ఎందుకంటే మధ్యలో ఎదురుచూసే ప్రాక్సీయే లేదు. అలాగే మామూలు పూల్ ఫైల్లో మ్యాక్స్ చిల్డ్రన్ 5 అని, అంటే ఒకేసారి ఐదు పీహెచ్‌పీ ప్రాసెస్‌లే అని ఉంటుంది, ఒక పేజీ ఆగి ఉండగా దాని వెనక ఏజాక్స్ కాల్స్ కూడా బ్రేక్‌పాయింట్‌కి తగిలితే ఐదూ నిండిపోతాయి, ఆ తర్వాత ఏ పేజీ కొట్టినా కదలదు. పాత ఎక్స్‌డీబగ్ (పీహెచ్‌పీ డీబగ్గర్) వాడేవాళ్ళకి ఇంకో తంటా, అదీ 9000 పోర్టే, టీసీపీ మీద ఎఫ్‌పీఎమ్ పెట్టుకుంటే అదీ 9000 పోర్టే. ఎక్స్‌డీబగ్ 3 వచ్చాక 9003కి మార్చారు కాబట్టి సరిపోయింది.

సెమీకోలన్:
హమ్మయ్య, ఒక్కరైనా అన్నారు. ఇంకోటి నేను చేరుస్తా. హెచ్‌టీయాక్సెస్‌లో పీహెచ్‌పీవాల్యూ అని రాసి అప్‌లోడ్ సైజు పెంచే ప్రాజెక్టులు బోలెడున్నాయి. మాడ్యూల్ తీసేసి ఎఫ్‌పీఎమ్‌కి వెళ్ళగానే అపాచీకి ఆ పదం అర్థం కాదు, సైటు మొత్తం 500 ఎర్రర్. కొత్తవాడికి అది పీహెచ్‌పీ తప్పో తన తప్పో ఎలా తెలుస్తుంది?

లాగ్‌చదివేవాడు:
ఎర్రర్ లాగ్‌లో ఇన్‌వాలిడ్ కమాండ్ పీహెచ్‌పీవాల్యూ అని పేరు పెట్టి మరీ చెప్తుంది, చదివితే తెలుస్తుంది 🙂 ఆ సెట్టింగ్ డాట్ యూజర్.ఐఎన్‌ఐ ఫైల్లోకి మార్చుకోవాలి. మార్చగానే పని చేయలేదని కంగారు పడొద్దు, దాన్ని 300 సెకన్లకోసారే మళ్ళీ చదువుతుంది.
కానీ సెమీకోలన్, మీరు చెప్పిందే మీ మీదకి తిరుగుతోంది చూడండి. ఆ 500 లోకల్లో పడితే నేర్చుకుంటాడు, ఎఫ్‌పీఎమ్ ఉన్న హోస్టింగ్‌లో ఎక్కించాక పడితే? లాగిన్ టోకెన్ వెళ్ళే ఆథరైజేషన్ హెడర్ కూడా అంతే. మాడ్యూల్‌లో టోకెన్ పంపితే హాయిగా అందుతుంది. ఫాస్ట్‌సీజీఐ దారిలో అపాచీ ఆ హెడర్‌ని తనంతట తాను దాటించదు, సీజీఐపాస్‌ఆథ్ ఆన్ చేయాలి, లేదా సెట్‌ఎన్వ్‌ఇఫ్‌తో దాటించాలి. ఉబుంటు ఇచ్చే ఎఫ్‌పీఎమ్ కాన్ఫిగ్‌లో ఆ లైను ముందే ఉంటుంది, సొంతంగా రాసుకునేవాళ్ళే దొరికిపోతారు. లోకల్లో లాగిన్ అయ్యి హోస్టింగ్‌లో 401 (లాగిన్ చెల్లదనే ఎర్రర్) వస్తే మనిషి మూడ్రోజులు తన కోడే తవ్వుకుంటాడు. అందుకే నేననేది, ఏది గొప్పదని కాదు, ఈ కోడ్ రేపు ఎక్కడ నడుస్తుందో అక్కడ ఏముందో అదే ఇక్కడా పెట్టుకోండి. పీహెచ్‌పీ సెట్టింగులన్నీ చూపే పీహెచ్‌పీఇన్ఫో పేజీ తెరిస్తే పైనే సర్వర్ ఏపీఐ అనే వరుస ఉంటుంది, అపాచీ హ్యాండ్లర్ అని ఉంటే మాడ్యూల్, ఎఫ్‌పీఎమ్ అని ఉంటే ఎఫ్‌పీఎమ్. హోస్టింగ్‌లో ఒకసారి అది చూసి వెంటనే ఆ ఫైలు తీసేయండి, అక్కడ వదిలేస్తే ఊరంతా చూస్తుంది.

కిటికీవాడు:
మధ్యలో దూరుతున్నా, నాది విండోస్. ఎఫ్‌పీఎమ్ ఎక్కడ దొరుకుతుంది? అపాచీకి పీహెచ్‌పీ 8 కలుపుదామంటే డీఎల్‌ఎల్ ఫైలే జిప్‌లో లేదు.

పూల్‌మేనేజర్:
విండోస్‌కి ఎఫ్‌పీఎమ్ లేదు బ్రో. మీరు దింపింది ఎన్‌టీఎస్ (థ్రెడ్ సేఫ్ కాని) జిప్ అయ్యుంటుంది, అందులో అపాచీ మాడ్యూల్ ఉండదు. టీఎస్ అని ఉన్నది, అంటే థ్రెడ్ సేఫ్, అది దింపండి, ఎందుకంటే విండోస్ అపాచీ ఒకే చైల్డ్ ప్రాసెస్‌లో థ్రెడ్లతో నడుస్తుంది. అందులో పీహెచ్‌పీ8అపాచీ2_4 డీఎల్‌ఎల్ ఉంటుంది. లోడ్‌మాడ్యూల్‌లో పేరు పీహెచ్‌పీ_మాడ్యూల్ అని రాయండి, 7 నాటి గైడ్ చూసి పీహెచ్‌పీ7_మాడ్యూల్ అని రాస్తే లేవదు. అపాచీ 64 బిట్ అయితే ఇదీ 64 బిట్టే ఉండాలి. పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ ఫైలు ఎక్కడుందో చెప్పే పీహెచ్‌పీఐఎన్‌ఐడిర్ లైను కూడా పెట్టండి. వీసీరన్‌టైమ్ కంపాటిబుల్ కాదని హెచ్చరిక వస్తే విజువల్ సీ++ రన్‌టైమ్ కొత్తది వేసుకోవాలి. అవును సెమీకోలన్, విండోస్‌లో మాడ్యూలే సుఖం, నవ్వకండి.

సెమీకోలన్:
నవ్వట్లేదు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా 😄 కిటికీవాడు గారూ, పీహెచ్‌పీ-సీజీఐ ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌ని స్క్రిప్ట్‌అలయాస్‌తో వెబ్‌కి తెరిచే పాత గైడ్లు కనబడతాయి, వాటి జోలికి పోవద్దు. 2024 జూన్‌లో బయటపడిన సీవీఈ-2024-4577 అనే భద్రతా లోపం సరిగ్గా విండోస్‌లో ఆ సీజీఐ మీదే. లిజన్ లైన్లో 127.0.0.1 కోలన్ 80 అని రాసుకుంటే మీ మెషీన్ బయటివాళ్ళకి కనబడదు, ఇది అందరికీ వర్తిస్తుంది.

కొత్తఫోల్డర్:
సరే, నేను చేసింది చెప్తా. నాకిచ్చిన హోస్టింగ్‌లో పీహెచ్‌పీఇన్ఫో చూశా, ఎఫ్‌పీఎమ్ అనే ఉంది, ఫైలు తీసేశా. అందుకని ఇక్కడా పీహెచ్‌పీ8.3-ఎఫ్‌పీఎమ్ వేసి, ప్రాక్సీ_ఎఫ్‌సీజీఐ, సెట్‌ఎన్వ్‌ఇఫ్ ఆన్ చేసి, దాని కాన్ఫ్ ఎనేబుల్ చేశా. కోడ్ బదులు పేజీ వచ్చింది. పూల్‌లో యూజర్ కూడా నాదే పెట్టా. కానీ పీహెచ్‌పీ.ఐఎన్‌ఐలో డిస్‌ప్లే ఎర్రర్స్ ఆన్ చేసినా తప్పున్న పేజీ తెల్లగానే వస్తోంది, అపాచీ రీస్టార్ట్ కూడా చేశా.

లాగ్‌చదివేవాడు:
అపాచీని కాదు, ఎఫ్‌పీఎమ్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి, ఐఎన్‌ఐ చదివేది అది. అప్పటికీ మారకపోతే మీరు మార్చింది సీఎల్‌ఐ (టెర్మినల్లో నడిచే పీహెచ్‌పీ) ఫోల్డర్లోది అయ్యుంటుంది, ఉబుంటులో సీఎల్‌ఐకి ఒకటి, ఎఫ్‌పీఎమ్‌కి ఒకటి వేరువేరుగా ఉంటాయి. లోకల్ పీహెచ్‌పీఇన్ఫోలో లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్ అన్న వరుసలో ఏ దారి ఉందో ఆ ఫైలే మార్చండి.

సెమీకోలన్:
మాడ్యూల్ అయితే అపాచీ రీస్టార్ట్‌తో అయిపోయేది. ఊరికే అంటున్నా.